గోడ మీద తేదీ

నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. అది బయటపడకుండా ఉండటానికే గొంతు పెంచుకున్నాను. ముహర్రం బే పేటలోని ఆడపిల్లల బడిలో ఇరవై ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. తొమ్మిదేళ్లుగా ప్రధానోపాధ్యాయిని పక్క కుర్చీ నాది. నేను వరండాలో నడిస్తే తరగతుల్లో గుసగుసలు ఆగిపోతాయి. జాగ్రఫీ పుస్తకంలో ప్రేమ నవల దాచుకున్న పిల్లని వెనక బెంచీలో ఉన్నా పట్టుకుంటాను. పేజీలు తిప్పే వేగం చూస్తే చాలు. జాగ్రఫీని ఎవరూ అంత ఆత్రంగా చదవరు.

అలా లాక్కున్న నవలలు నా బీరువా నిండా ఉన్నాయి. వాటిలో పదకొండు రకాలు నేను రాసినవే.

అట్ట మీద లామియా బహ్రీ అని ఉంటుంది. ఆ లామియా ఎక్కడా లేదు. ఉన్నది విజ్దాన్ షుక్రీ అనే నేను, యాభై మూడేళ్ల దాన్ని, పెళ్లి చేసుకోలేదు, కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. ప్రెస్సు ముసలాయనకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదనుకునేదాన్ని. తెలిస్తే పిల్లల తల్లులు బడి గేటు ముందు బైఠాయిస్తారు. పైగా మా ప్రధానోపాధ్యాయిని జనవరిలో దిగిపోతోంది. ఆ కుర్చీ నాకే వస్తుందని అందరూ అంటున్నారు.

మరి ఎందుకు రాశానంటే, ఎందుకు చదివానో ముందు చెప్పాలి. ప్రేమ నవలలో చివరికి ఇద్దరూ కలుస్తారని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అయినా అబ్బాయి ఓడెక్కుతుంటే నోట్లో ముద్ద గొంతు దిగదు. బయట బతుకులో చివర ఏమవుతుందో తెలియదు కాబట్టి మధ్యలో ఏదీ రుచించదు. పుస్తకంలో చివర భద్రంగా ఉంటుంది, అందుకని మధ్యలో ఎంతైనా భయపడొచ్చు. నాలాంటి పిరికిదానికి అంతకన్నా ఏం కావాలి?

నా పదకొండింటిలో ఎక్కువ మంది చదివింది ‘అత్తారీన్ బుట్ట’. అందులోని బాల్కనీ నేను కల్పించింది కాదు. అది అఫ్కారక్కది. ఆవిడ మా బడిలో కుట్టుపని నేర్పేది. రిటైరై పద్నాలుగేళ్లయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. అత్తారీన్ పేటలో వందేళ్ల నాటి మేడలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లు దిగలేక, మా ఊళ్లో ముసలివాళ్లంతా చేసినట్టే, బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దించి రొట్టెలూ టమాటాలూ పైకి లాక్కునేది. ప్రతి గురువారం బడి అయ్యాక నేను అక్కడికి టీకి వెళ్లేదాన్ని.

గది లోపల, బాల్కనీ తలుపు పక్కన గోడలో ఒక పగులు ఉండేది. సముద్రపు గాలికి గోడలో ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి గోడని చీలుస్తుంది. పదకొండేళ్ల కిందట బదావీ మేస్త్రీ వచ్చి ఆ పగులుకి అడ్డంగా జిప్సం పట్టీ వేశాడు. ఆరకముందే మేకుతో దాని మీద తేదీ గీశాడు, నవంబరు 14 అని. మా పాత మేడలన్నిటిలో మేస్త్రీలు చేసే పని ఇది. జిప్సం సాగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా పట్టీ చీలుతుంది. చీలిందంటే సామాను సర్దుకోవాల్సిందే.

“రోజూ ఓ చూపు చూడండి హాజా,” పెద్దావిడని పిలిచే మర్యాదతో అన్నాడు బదావీ, చేతులు కడుక్కుంటూ. “బట్టలారేసుకోడానికి మీరొక్కరూ నిలబడండి, ఫర్లేదు. ఇద్దరు మాత్రం వద్దు.”

నేను అక్కడే కూర్చుని టీ తాగుతూ ఆ మాట విన్నాను. విని, మూడేళ్ల తర్వాత ఆ పట్టీని ప్రేమకథ చేశాను. నవలలో రషాద్ గోడలకి పూత పూసే కుర్రాడు. మూడో అంతస్తు నవారాకి బుట్టలో ఉత్తరాలు పెడతాడు. ఓడెక్కే రోజు తడి జిప్సం మీద తేదీ గీసి, “ఇది చెదిరేలోపు వస్తాను,” అని వెళ్లిపోతాడు. నవారా రోజూ ఆ తేదీ మీద వేలు పెట్టి చూసుకుంటుంది. ఆఖరి పేజీలో ఆమె బాల్కనీలో నిలబడి ఉండగా కింది నుంచి ఎవరో బుట్ట తాడు కదుపుతారు. అక్కడ ఏడవని పిల్ల లేదు. నేనూ రాస్తూ ఏడ్చాను.

వీధి పేరుతో సహా రాసినందుకు పాఠకులు ఆ ఇల్లు కనిపెట్టేశారు. రెండేళ్లుగా ఒకరూ ఇద్దరూ వచ్చేవారు. ఈ ఏడాది వసంతం నుంచి గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. బుట్టలో నవారాకి ఉత్తరాలు వేస్తున్నారని, అఫ్కారక్క వాళ్లని పైకి పిలిచి టీ ఇస్తోందని విన్నాను. ఎవరైనా నన్నక్కడ చూసి ఆరా తీస్తారేమోనని హడలిపోయి గురువారాలు మానేశాను. ఎనిమిది నెలలు ఆ గడప తొక్కలేదు.

నవంబరు మధ్యలో ఏటా వచ్చే గాలివానని మావాళ్లు చీపురు అంటారు, వీధులన్నీ ఊడ్చిపెట్టి పోతుంది కనక. ఈసారి అది నాలుగు రోజులు ఊడ్చింది. వెలిసిన మర్నాడు యుమ్నా ఫోన్ చేసింది. మందుల షాపులో పనిచేస్తుంది, ఇరవై మూడేళ్లు, నా పాత శిష్యురాలు. ఆ గుంపుల్ని తిప్పేది ఆ పిల్లే. బడిలో టీచరమ్మని పిలిచినట్టే ఇప్పటికీ నన్ను అబ్లా అంటుంది.

“అబ్లా, శుక్రవారం మాతో రండి. మీరు నా దగ్గర లాక్కున్నారే, ఆ పుస్తకంలోని ఊరంతా చూపిస్తాను.”

“నాకేం పనిలేదనుకున్నావా?”

“శుక్రవారం మీకేం పని అబ్లా? క్యాబేజీ ఆకుల్లో అన్నం పెట్టి చుట్టుకుంటూ కూర్చుంటారు. అది శనివారం చుట్టుకోండి.”

ఛీవాట్లు పెట్టి ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. కానీ అఫ్కారక్క ఆ టీలో ఎవరి ముందు ఏం వాగుతోందో అన్న భయం నన్ను తినేస్తోంది. వస్తానన్నాను.

యుమ్నాతో కలిపి ఏడుగురు, నేను ఎనిమిదో దాన్ని. అందరి చేతుల్లో నా పుస్తకం. నవారా, రషాద్ మొదటిసారి ఎదురుపడిన ట్రాము స్టాపులో ఆగాం. ఒకమ్మాయి ఆ పేజీ పైకి చదివింది. తడిసిన పట్టాల మీద ట్రాము గంట కొట్టుకుంటూ వచ్చింది, ఆ అమ్మాయి గంట ఆగేదాకా ఆగి మళ్లీ అందుకుంది. వంటింట్లో చలికి వణుకుతూ నేను రాసుకున్న వాక్యాలు పరాయి గొంతులో, నడివీధిలో! ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే తల దించుకున్నాను, ఎవరైనా నా ముఖం చూశారేమోనని.

కాల్చిన చిలగడదుంపల బండి దగ్గర రషాద్ తిన్నట్టే కాగితంలో తినాలని పట్టుబట్టారు. దమన్‌హూర్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరు నాహెద్ మూతి కాల్చుకుంది.

“రషాద్ లాంటోడు దొరికితే క్లినిక్‌కి తాళమేసి ఓడెక్కేస్తానమ్మా,” అంది.

“మరి మీ ఆయనో?”

“తాళంచెవి ఆయనకిచ్చి పోతాను.”

“ఈ లామియా బహ్రీ ఎలా ఉంటుందంటావు?” అని ఇంకొకావిడ అడిగింది.

“సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎవణ్ణో ప్రేమించి దెబ్బతింది. చూస్తే తెలియట్లా?” అంది నాహెద్.

నేను పొట్ట లోపలికి పీల్చుకుని సముద్రం వైపు తిరిగాను.

అత్తారీన్ వీధిలోకి మళ్లగానే తలెత్తి చూశాను. బాల్కనీ అక్కడే ఉంది. బుట్ట వేలాడుతోంది. కానీ బాల్కనీ అడుగున తడి మరక పెద్దదై, ఒకచోట పూత ఊడి ఎర్రటి ఇనుము కనిపిస్తోంది. వాళ్లప్పటికే మెట్లెక్కుతూ, నవారా ఇంటికి ఎన్ని మెట్లో పుస్తకంలో చెప్పినట్టు లెక్కపెడుతున్నారు. సరిగ్గానే వస్తాయి, నేనే లెక్కపెట్టి రాశాను.

అఫ్కారక్క పగడం రంగు లిప్‌స్టిక్ వేసుకుంది. నేనెప్పుడూ చూడని పట్టు షాలు. అందరినీ ముద్దులు పెట్టుకుని చివర్న నన్ను చూసింది.

“ఎనిమిది నెలలకి దారి గుర్తొచ్చిందా?”

“పనులక్కా.”

“ఆఁ, పనులు.” నా గ్లాసులో మూడు చెంచాల పంచదార వేసింది. నాకు రెండే అని ఆవిడకి తెలుసు.

నాహెద్, ఇంకో ముగ్గురు నేరుగా బాల్కనీలోకి నడిచారు. మిగతావాళ్లు తలుపు పక్కన వరసగా నిలబడి, నవారా లాగే, తేదీ మీద వేలు పెట్టి కళ్లు మూసుకుంటున్నారు. నా వంతు వచ్చింది. కళ్లు మూసుకోకుండా కళ్లజోడు పెట్టుకున్నాను.

పట్టీ మధ్యలో, పైనుంచి కిందికి, ఒకటికీ నాలుగుకీ నడుమ సన్నని గీత. కింది మూల గోరంత ముక్క లేదు.

“ఇదెప్పుడు విరిగిందక్కా?”

“మూలదా? పోయిన నెల మన్సూరా నుంచొచ్చిన పిల్లొకతి గోకి పట్టుకుపోయింది. సంబంధం కుదరట్లేదంట, తాయెత్తులో పెట్టుకుంటుందంట.”

అందరూ గొల్లుమన్నారు. నేను నవ్వలేదు.

“మధ్యలో గీతో?”

ఆవిడ టీ వంచుతూ ఉండిపోయింది. ఆ గీత గోళ్లతో పడిందా, గోడ కదిలి పడిందా? ఎన్ని వందల వేళ్లు తగిలాయో ఆ పట్టీకి. పదేళ్లు నిజం చెప్పిన పట్టీ ఇప్పుడేం చెబుతున్నా నమ్మడానికి లేదు. దాన్ని అలా చేసింది నా కథే.

అప్పుడు కింద నుంచి రొట్టెలవాడు అరిచాడు. “ఏం ఊడుస్తున్నారమ్మా పైన? రొట్టెల మీద ఇసక పడుతోంది!”

“మేం ఊడవట్లేదు బాబూ, ఫొటో తీసుకుంటున్నాం!” అని నాహెద్ వంగి జవాబిచ్చింది. అఫ్కారక్క బుట్ట లాగడానికి తనూ వెళ్లింది. ఇప్పుడు అయిదుగురు.

“లోపలికి రండి! అందరూ! వెంటనే!” బడి వరండాలో అరిచినట్టు అరిచాను.

నాహెద్ పకపకా నవ్వింది. “బెల్లు కొట్టారా అబ్లా? మేం స్కూలు మానేసి ముప్పై ఏళ్లయింది.”

“నవ్వకు. అది ప్రేమ గుర్తు కాదు. గోడ పగిలితే మేస్త్రీ వేసిన పట్టీ. అది చీలింది. బాల్కనీ కదులుతోంది.”

“నవలలు చదవనివాళ్లకి అట్లాగే అనిపిస్తుంది లెండి. నూట పదహారో పేజీ చదవండి, ఏడుస్తారు.”

“నూట పదహారో పేజీ నేనే రాశానే మొద్దూ!”

అనేశాను. ఇరవై ఏళ్లుగా నాలుక కింద దాచుకున్నది ఊడిపడింది. ఎవరూ నమ్మలేదు, అది ఇంకా ఘోరం. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. యుమ్నా జాలిగా నా భుజం పట్టుకుంది.

“అబ్లా, మీ చేతులు చల్లబడ్డాయి. కూర్చోండి, నీళ్లు తాగండి.”

“నీళ్లొద్దు. పదిహేనేళ్లప్పుడు నువ్వు లామియా బహ్రీకి ఉత్తరం రాశావు. నీలం కాగితం. మా టీచరు రాక్షసి, నా పుస్తకం లాక్కుంది అని రాశావు. ఏం జవాబొచ్చింది?”

యుమ్నా చెయ్యి నా భుజం మీంచి జారింది.

“‘ఆ రాక్షసిని క్షమించు. తలుపేసుకుని ఆవిడ కూడా చదువుకుంటోందేమో.’ అదేనా? సంతకం పక్కన టీ మరక కూడా ఉండాలి.”

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. చేతిలోని పుస్తకం వైపు చూసింది. ఆ ఉత్తరం అందులోనే ఉందని తర్వాత తెలిసింది. యుమ్నా తలుపు దగ్గరికెళ్లి నాహెద్ చెయ్యి పట్టుకుంది.

“రండి. ఒక్కొక్కరే. గెంతకండి. నాహెద్, నువ్వు ముందు,” అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నలుగురూ గోడ పట్టుకుని లోపలికొచ్చారు. ఆఖరిది అడుగు ఎత్తినప్పుడు కింద ఎక్కడో పంటి కింద రాయి పడ్డట్టు చప్పుడైంది. అందరం విన్నాం.

అఫ్కారక్క మాత్రం రాలేదు. చేతిలో బుట్ట తాడు, వీపు మావైపు.

“అక్కా, రా.”

“గీత మార్చిలోనే పడింది,” అంది తిరక్కుండానే. “ఈ గుంపులింకా రాకముందే. ఎవరి గోరూ తగల్లేదు. బదావీ చూసి కొత్త పట్టీ వేస్తానన్నాడు. కొత్త పట్టీ అంటే కొత్త తేదీ. దాన్ని చూడ్డానికెవరొస్తారు? టూత్‌పేస్టు పెట్టి నేనే పూడ్చా. ఈ వానకి గోడ చెమ్మగిల్లి అది కాస్తా కరిగిపోయినట్టుంది.”

“పిచ్చిదానా! ఇంతమందిని ఇక్కడ నిలబెట్టావా?”

“నువ్వు గురువారాలు మానేశావు. నన్ను పేరు పెట్టి పిలవడానికి వీళ్లు తప్ప ఎవరున్నారు?” ఇప్పుడు తిరిగింది. లిప్‌స్టిక్ చెదిరిపోయింది. “ఆ పుస్తకం నీదని నాకు మొదట్నుంచీ తెలుసు. నా బుట్టకి ఒక చెవి తెగి గుడ్డతో కట్టానని ఇంకెవరికి తెలుసే? ఎప్పటికైనా నువ్వే చెబుతావని ఊరుకున్నా. చెప్పకపోగా రావడమే మానేశావు. ఇప్పుడు వీళ్లని కూడా తోలేస్తున్నావు.”

ఆవిడ అన్నదాంట్లో కాదనడానికి ఒక్క ముక్క లేదు. నేను జీవితంలో చేసిన ధైర్యమైన పని ఏదైనా ఉంటే ఆ తర్వాతదే, దాన్ని కూడా ధైర్యంతో చేయలేదు, ఏడుస్తూ చేశాను. గడప దాటి బాల్కనీలోకి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను.

కాలి కింద పలక డొల్లగా మోగింది. నేల వీధి వైపు వాలి ఉంది, చెప్పుల్లో వేళ్లు ముందుకు జారుతున్నాయి. కటకటాలు పట్టుకోవడానికి కూడా చెయ్యి రాలేదు. కింద రొట్టెలవాడు నోరు తెరిచి చూస్తున్నాడు.

“ఇద్దరు నిలబడకూడదన్నాడు బదావీ,” అంది అక్క.

“విన్నాను. నేనూ ఉన్నానుగా ఆ రోజు.”

“పిరికిదానివి నువ్వు.”

“కనబడట్లా? మోకాళ్లు చూడు. నువ్వు లోపలికెళ్లకపోతే నేనూ వెళ్లను. ఎంతసేపు నిలబడగలనో నాకు తెలీదు.”

ఆవిడ నా మోకాళ్ల వైపు చూసింది. పంతం పట్టిన పిల్లల చేత కుట్టు విప్పించేటప్పుడు అలాగే చూసేది. తాడు వదిలేసింది. షాలు సర్దుకుని, నా పక్క నుంచి, గడప దాటి లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం కదలలేకపోయాను. కాళ్లు నా మాట వినలేదు. యుమ్నా నా తలగుడ్డ కొస, కోటు కాలరు కలిపి పట్టుకుని సామాను లాగినట్టు లోపలికి లాగింది. గచ్చు మీద కూలబడి, ఏడుగురు పాఠకుల ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. సన్నగా పొడుగ్గా ఉండాల్సిన లామియా బహ్రీని నేనే.

ఆ సాయంత్రమే నాహెద్ ఊరంతా చాటింది. సెలవులై ఆదివారం బడి తెరిచాక నేను వరండాలో నడిస్తే గుసగుసలు ఆగలేదు, మొదలయ్యాయి. కుర్చీ లెక్కల టీచరుకి వెళ్లింది. బాధ లేదంటే అబద్ధం. బీరువా తాళం తీసి పిల్లల పుస్తకాలు పిల్లలకి ఇచ్చేశాను.

అఫ్కారక్క శుక్రవారమే నాతో వచ్చేసింది, మా వెనక గదిలో ఉంటోంది. బదావీ బాల్కనీ తలుపుకి చెక్కలు కొట్టి, పాత పట్టీ పక్కనే పగులుకి కొత్త పట్టీ వేసి కొత్త తేదీ గీశాడు. ఆ ఇంటికి తాళం పెట్టాం. తొమ్మిదో రోజున బదావీతో వెళ్లి చూశాను. ఎవరి వేలూ తగలని పట్టీ రెండుగా చీలి ఉంది. చీలికలో బదావీ గోరు పట్టింది.

కార్పొరేషన్ ఇంజనీర్లు వచ్చి మేడ ఖాళీ చేయించి, ముందు బాల్కనీ పడగొట్టాలన్నారు. వీధికి అటూ ఇటూ తాడు కట్టారు. రోజంతా పట్టే పని అన్నాడు వాళ్ల మేస్త్రీ. అక్కా నేనూ రొట్టెలవాడి బండి పక్కన నిలబడ్డాం. మొదటి సుత్తి దెబ్బ పడింది. రెండోది పడగానే బాల్కనీ మొత్తం, కటకటాలతో సహా, ఒకేసారి కిందికొచ్చింది. దుమ్ము మా ముఖాల దాకా కొట్టింది. మేస్త్రీ సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది, ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

ఆవిడ తనతో తెచ్చుకున్నవి రెండే రెండు, కుట్టుపెట్టె, నవారా పేర బుట్టలో పడిన ఉత్తరాల సంచి. నాలుగు వందల పన్నెండు ఉత్తరాలున్నాయి. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని చదువుతున్నాను. ఊళ్లు వేరు, చేతిరాతలు వేరు. చాలావాటిలో మొదటి వాక్యం మాత్రం ఒకటే: “నవారా, ఇది నీ బాల్కనీలో నిలబడి రాస్తున్నాను.”

ఆ వాక్యం కనబడ్డప్పుడల్లా నా అరచేతులు తడుస్తాయి. అక్క ఎదురుగా కూర్చుని కవర్ల మీద చిరునామాలు రాస్తుంది. నేను జవాబులు రాస్తాను, ఈసారి నా పేరు పెట్టి. అన్నిటిలోనూ ముందు అడిగేది ఒక్కటే, క్షేమంగా ఇంటికి చేరావా అని. వాళ్లు ఎప్పుడో చేరి ఉంటారని తెలుసు. అయినా అడుగుతున్నాను.